తథాస్తు అనేది ఎవరు?

మా వదినకి తథాస్తు దేవతల మీద గట్టి నమ్మకం. సాయంత్రం పూట ఇంట్లో ఎవరి నోటైనా చెడ్డ మాట వస్తే "అట్ల అనొద్దు, తథాస్తు దేవతలు తిరుగుతుంటరు" అంటుంది. ఈ దేవతల గురించి తెలుగు పాఠకులకి వివరించనక్కర లేదు. మనం ఏమంటే వాళ్ళు దానికి "అట్లాగే జరుగుగాక" అంటారట. పాపం, వాళ్ళకి వేరే పని లేదు.

ముందు నా గురించి రెండు మాటలు. నేను బి.కామ్. చదివి, డిఫెన్స్ అకౌంట్స్ లో ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. జీవితమంతా సైనికుల జీతాల బిల్లులు, పెన్షన్ లెక్కలు చూశాను. ఓచరు లేనిదే పైసా పాస్ చేయకూడదన్నది మాకు మొదటి రోజు నేర్పే పాఠం. నేను హేతువాదిని కావడానికి పుస్తకాల కంటే ఆ పాఠమే ఎక్కువ పనికొచ్చింది. కొడుకు ఉద్యోగం సూరత్ లో కావడం వల్ల ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాను. మా అన్నయ్య నాకంటే చాలా ముందే, 1981లో, సిరిసిల్ల నుంచి పవర్ లూమ్ పనికి ఇక్కడికి వచ్చాడు. సూరత్ లో తెలుగువాళ్ళంటే ఎక్కువగా మన కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చిన నేత కుటుంబాలే. లింబాయత్ వైపు వెళ్తే వీధుల్లో తెలుగు వినబడుతుంది. మునిసిపాలిటీ వాళ్ళు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతున్నారు.

ఇక అసలు సంగతి. పోయినేడాది మార్చిలో అన్నయ్య మనవడు, అంటే కూతురి కొడుకు, పదో తరగతి పరీక్షకి బయలుదేరుతున్నాడు. వాడి చెల్లెలు, ఎనిమిదేళ్ళ పిల్ల, "అన్నా, ఫెయిలైతే ఏం చేస్తవు?" అని అడిగింది. వదిన ఆ పిల్లని కసిరింది. పిల్ల ఏడ్చింది. వాడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. (తర్వాత పాసయ్యాడు. దేవతలు ఆ రోజు సెలవులో ఉన్నారన్న మాట. అదే ఫెయిలై ఉంటే ఆ పిల్ల మాట జీవితాంతం లెక్కలో ఉండేది. పాసయ్యాడు కాబట్టి ఎవరికీ గుర్తు లేదు. కలిసొచ్చినవి రాసుకుని, కలిసి రానివి కొట్టేసే ఈ లెక్కని ఏ ఆడిటరూ ఒప్పుకోడు.)

నేను ఊరుకుంటానా? ఉపన్యాసం మొదలుపెట్టాను. మాటకి ఏ శక్తీ లేదు వదినా, నోట్లోంచి వచ్చేది గాలి, దానితో పరీక్ష పేపరు మారదు అన్నాను. వదిన చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విన్నది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"మాటకు బలం లేదంటవా? మరి ఆనాడు తలుపు కాడ నువ్వన్న మాటకు లేకుండెనా?"

నాకు జవాబు దొరకలేదు. ముప్ఫై ఏళ్ళుగా మా మధ్య ఎవరూ ఎత్తని విషయం అది. అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. హేతువాదులుగా మనం మాట గురించి చెప్పేదాంట్లో సగమే చెబుతున్నామా అని.

మొదటి సగం సరైనదే. దానికి సూరత్ లోనే ఒక పాత కథ ఉంది. 1844 జూన్ లో దుర్గారామ్ మెహతా అనే బడిపంతులు, దాదోబా పాండురంగ్, ఇంకొందరు కలిసి ఇక్కడ మానవ ధర్మ సభ అనే సంఘం పెట్టారు. మన వీరేశలింగం గారు పుట్టడానికి నాలుగేళ్ళ ముందన్న మాట. మంత్రాలతో ఏదైనా చేయగలమని చెప్పుకునేవాళ్ళని వాళ్ళు బహిరంగంగా సవాలు చేశారు. రండి, మీ మంత్రం పనిచేస్తే అందరి ముందూ చూపించండి అన్నారు. సభ ఎక్కువ కాలం నిలవలేదు. దాదోబా 1846లో బొంబాయి వెళ్ళారు, దుర్గారామ్ 1852లో రాజ్ కోట్ వెళ్ళారు, దాంతో అది ఆగిపోయింది. సవాలు మాత్రం ఆగలేదు. 2008 మార్చి 3న ఒక టీవీ చానల్ లో సురీందర్ శర్మ అనే తాంత్రికుడు, మంత్రంతో మూడు నిమిషాల్లో మనిషిని చంపగలనని చెబితే, హేతువాది సనల్ ఇడమరుకు "నన్ను చంపు" అని కూర్చున్నారు. మూడు నిమిషాలు కాదు, గంటలు గడిచాయి. సనల్ నవ్వుతూనే ఉన్నారు. మీలో చాలామంది ఆ వీడియో చూసే ఉంటారు.

కాబట్టి మంత్రానికి శక్తి లేదు. వినని మనిషి మీద, నమ్మని మనిషి మీద ఏ మాటా పనిచేయదు. ఇక్కడి సత్యశోధక్ సభ మీటింగులకి నేను అప్పుడప్పుడు వెళ్తుంటాను. గుజరాతీ సగమే అర్థమవుతుంది కానీ ఈ వాదన మాత్రం పూర్తిగా అర్థమవుతుంది. ఇంతవరకే వాదిస్తే మనం గెలుస్తాం.

రెండో సగం చూద్దాం. అది కూడా సూరత్ కథే.

1994 ఆగస్టు, సెప్టెంబరుల్లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో ప్లేగు కనబడింది. సెప్టెంబరు మూడో వారంలో సూరత్ లో, ముఖ్యంగా వేద్ రోడ్ వైపు, జ్వరం, దగ్గుతో మనుషులు చనిపోవడం మొదలైంది. అంతకు ముందే భారీ వర్షాలు పడి, పల్లపు ప్రాంతాల్లో నీళ్ళు నిలిచి, చెత్తా చచ్చిన పశువులూ కుళ్ళుతున్నాయి. మొదట నీళ్ళలో విషం కలిపారని వదంతి లేచింది. తర్వాత "ప్లేగు" అన్నారు. ఆ ఒక్క మాట ఊరంతా తిరగడానికి ఒక రాత్రి పట్టింది. అప్పటికి ఊరి జనాభా, 1991 లెక్కల ప్రకారం, సుమారు 15 లక్షలు. కొద్ది రోజుల్లో లక్షల మంది వెళ్ళిపోయారు. తక్కువ అంచనా వేసినవాళ్ళు కూడా రెండు మూడు లక్షలంటారు. రైళ్ళు, బస్సులు, లారీలు, ఏది దొరికితే అది. చాలామంది ప్రైవేటు డాక్టర్లు కూడా క్లినిక్ లకి తాళాలు వేసి వెళ్ళారు. డాక్టరు ఏమీ అనకపోయినా ఆ తాళం చెప్పాల్సింది చెప్పింది. టెట్రాసైక్లిన్ మాత్రలు దుకాణాల్లో మాయమయ్యాయి.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. జబ్బు అబద్ధం కాదు. అది ప్లేగు కాదని చాలాకాలం వాదించినవాళ్ళున్నారు. 2000లో మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలతో ప్లేగు క్రిమేనని ప్రచురించారు. కానీ దేశం మొత్తం మీద చనిపోయింది అరవై మంది లోపు. త్వరగా మొదలుపెడితే మామూలు యాంటీబయాటిక్ తో నయమయ్యే జబ్బు. జబ్బు అంత, భయం ఇంత. మధ్యలో ఉన్న తేడా అంతా నోటి మాటే.

అట్లా వెళ్ళిపోయిన లక్షల మందిలో మా అన్నయ్య, వదిన, ఏడేళ్ళ వాళ్ళ కూతురు ఉన్నారు.

నేను అప్పుడు సికింద్రాబాద్ లో ఉద్యోగం. రెండు గదుల అద్దె ఇల్లు. మా అబ్బాయికి ఎనిమిది నెలలు. టీవీలో ముక్కులకి గుడ్డలు కట్టుకున్న సూరత్ జనాన్ని రోజూ చూస్తున్నాను. నెలాఖరులో ఒక రాత్రి పదకొండు గంటలకి తలుపు కొట్టారు. తీస్తే అన్నయ్య. వెనకాల వదిన, భుజం మీద పిల్ల. రెండు రోజులు రైళ్ళు మారుతూ వచ్చారు. పిల్ల దగ్గుతోంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"ప్లేగును ఎంటబెట్టుకొని నా ఇంటికే వచ్చిండ్రా?"

గట్టిగానే అన్నాను. పై వాటా ఇంటివాళ్ళు విన్నారు. లోపలికి రానిచ్చాను, కాదనను. ముందు గదిలో పడుకున్నారు. నా భార్యనీ పిల్లవాడినీ వెనక గదిలో పెట్టి తలుపు వేశాను. తెల్లవారేసరికి సందంతా తెలిసిపోయింది. పాలవాడు గేటు బయటే ప్యాకెట్ పెట్టి పోయాడు. ఇంటి ఓనరు సాయంత్రంలోగా వాళ్ళని పంపేయమన్నాడు. అన్నయ్య ఒక్క మాట అనలేదు. పిల్లని ఎత్తుకుని వదినతో కలిసి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్ళాడు. వాళ్ళకి హైదరాబాదులో బస్సు నంబర్లు కూడా తెలియవు. నేను వెంట వెళ్ళలేదు. ఆఫీసుకి వెళ్ళాను.

డాక్టర్లు చూసి మామూలు జలుబన్నారు. అన్నయ్య అటునుంచి అటే సిరిసిల్ల బస్సు ఎక్కుతానని కబురు చేశాడు. అప్పుడు నేను ఇంకో పని చేశాను. ఎస్.టి.డి. బూత్ నుంచి ఊళ్ళో మా ఇంటి పక్కనున్న కిరాణా దుకాణానికి ఫోన్ చేసి, "అన్న వాళ్ళు సూరత్ నుంచి వస్తున్నరు, కొంచెం జాగ్రత్త అని మా వాళ్ళకి చెప్పండి" అన్నాను. అబద్ధం ఒక్క అక్షరం లేదు. ముందుజాగ్రత్త అనుకున్నాను. చదువుకున్నవాడిగా నా బాధ్యత అని కూడా అనుకున్నాను.

ఆ దుకాణదారు ఎంతమందికి చెప్పాడో నాకు తెలియదు. వాళ్ళు బస్సు దిగేసరికి ఊరికి తెలుసు. బోరింగు దగ్గర వదిన బిందె పెడితే మిగతావాళ్ళు తీసేసుకున్నారు. పిల్లతో ఎవరూ ఆడలేదు. దానికి "ప్లేగు పోరి" అని పేరు పెట్టారు. పదిహేను రోజులు భరించి, సూరత్ లో పరిస్థితి ఇంకా కుదుటపడకముందే తిరిగి వెళ్ళిపోయారు. ప్లేగుకి భయపడి వచ్చినవాళ్ళు మాటకి భయపడి ప్లేగు ఊరికే వెళ్ళారు. మూడేళ్ళ తర్వాత ఒక పెళ్ళికి ఊరికి వెళ్తే అప్పుడు కూడా ఆ పిల్లని ఎవరో అదే పేరుతో పిలిచారట. ఇవన్నీ నాకు చాలా ఏళ్ళ తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిశాయి.

ఇప్పుడు హేతువాదిగా ఆలోచిద్దాం. నా మాట పనిచేసింది. మంత్రం పనిచేయని చోట ఇది ఎట్లా పనిచేసింది?

ఒకటి, విన్నవాళ్ళు అప్పటికే భయంలో ఉన్నారు. రెండు, అన్నది ఎవరో దారినపోయేవాడు కాదు, సొంత తమ్ముడు, గవర్నమెంటు ఉద్యోగి, డిగ్రీ చదివినవాడు. వాడే అంటే నిజమే అయి ఉంటుందనుకున్నారు. మూడు, నమ్మితే వాళ్ళకి ఖర్చు లేదు. ఖర్చంతా ఆ ఏడేళ్ళ పిల్లది. ఈ మూడూ కలిస్తే ఏ మాటైనా పనిచేస్తుంది. తెలంగాణ పల్లెల్లో "బాణామతి చేస్తుంది" అన్న మాట ఎట్లా పనిచేసిందో గుర్తు తెచ్చుకోండి. బాణామతి లేదు. కానీ ఆ మాట పడిన ముసలమ్మని కొట్టిన కర్ర నిజం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు తెలంగాణలోనూ మనుషుల్ని చంపింది, గుజరాత్ లోనూ చంపింది. ఆ జూన్ లో అహ్మదాబాద్ లో గుంపు కొట్టి చంపిన స్త్రీ భిక్షాటన చేసుకుని బతికేది. ముఠా లేదు, చావు ఉంది. 2024 ఆగస్టులో గుజరాత్ శాసనసభ చేతబడి, నరబలి లాంటి వాటి మీద చట్టం చేసింది. మంచిదే. కానీ చట్టం తాంత్రికుణ్ణి పట్టుకోగలదు. "కొంచెం జాగ్రత్త" అని ఫోన్ చేసే నాలాంటివాణ్ణి ఏం చేస్తుంది?

మాట శరీరం మీద కూడా పనిచేస్తుంది, దానికి దేవతలు అక్కర లేదు. నేను కొలెస్టరాల్ కి స్టాటిన్ మాత్ర వేసుకుంటాను. మొదట రాసినప్పుడు డాక్టరు "కొందరికి కాళ్ళ నొప్పులు వస్తాయి" అన్నారు. మూడో రోజుకి నాకు వచ్చాయి. 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ఇట్లాంటి ఇబ్బందులతో స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి, రోజూ బాధ ఎంతుందో రాయమన్నారు. స్టాటిన్ తో వచ్చిన బాధలో తొంభై శాతం ఉత్త మాత్రతో కూడా వచ్చింది. నొప్పి నటన కాదు, నిజంగా అనుభవించారు. దాన్ని తెచ్చింది ఎక్కువగా మందు కాదు, మందు గురించి ఉన్న భయం. ఇంకో విషయం గమనించండి. వాళ్ళ లెక్కలు వాళ్ళకే చూపించి వివరించాక, అందులో సగం మంది మళ్ళీ మందు మొదలుపెట్టారు. కీడు చేసిందీ మాటే, మేలు చేసిందీ మాటే. రెండో మాట వెనక మాత్రం ఋజువు ఉంది.

అంటే తథాస్తు దేవతలు లేరు కానీ తథాస్తు అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వినేవాళ్ళు. మన మాటకి మనం బలం ఇవ్వలేం, విన్నవాడు ఇస్తాడు. ఈ సంగతి తెలిసినవాడికి బాధ్యత ఎక్కువ అవుతుంది, తగ్గదు. నమ్మేవాడు కనీసం దేవతలకి భయపడి నోరు అదుపులో పెట్టుకుంటాడు. మనం దేవతల్ని తీసేసి, ఆ అదుపుని కూడా తీసేశామా?

దీని అర్థం నిజం దాచిపెట్టి తియ్యగా మాట్లాడమని కాదు. ఊపిరితిత్తుల ప్లేగు దగ్గు తుంపర్ల ద్వారా సోకుతుంది. ఇంట్లో ఎనిమిది నెలల పిల్లవాడున్నాడు. ఆ రాత్రి జాగ్రత్త పడటం తప్పు కాదు. కానీ అదే జాగ్రత్తని ఇట్లా అనొచ్చు: "రండి. పిల్లకు దగ్గు ఉంది కదా, ముందు గదిలో పండుకోండి. పొద్దున లేవంగనే దవాఖానకు పోదాం, నేను వస్త." నిజం అంతే, జాగ్రత్త అంతే. పోయేదల్లా నాకు ఒక రోజు సెలవు.

మా ఆఫీసులో సస్పెన్సు ఖాతా అని ఒకటి ఉంటుంది. ఒక మొత్తం ఎవరి ఖాతాలో వేయాలో కాగితాలు సరిగా లేకపోతే, దాన్ని ఎవరి పేరునా రాయం. కాగితాలు వచ్చేదాకా సస్పెన్సులో ఉంచుతాం. విన్న మాటని కూడా అట్లాగే ఉంచాలని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎవరు చూశారు? ఋజువేమిటి? ఇది తప్పైతే ఖర్చు ఎవరి మీద పడుతుంది? ఈ మూడింటికీ జవాబు లేనిదే ముందుకు పంపకూడదు. ఇంకో తేడా కూడా ఉంది. లెక్కలో తప్పు పడితే సవరణ ఎంట్రీ వేసి సరిచేస్తాం. నోటి మాటకి ఆ సౌకర్యం లేదు. జలుబని తేలాక నేను మళ్ళీ ఆ దుకాణానికి ఫోన్ చేసి "ఏమీ లేదట" అని చెప్పి ఉండొచ్చు. చేయలేదు. అప్పుడు అవసరం అనిపించలేదు. పుకారుకి ఉన్న తొందర సవరణకి ఉండదు.

సూరత్ తన మాటని తాను సరిచేసుకుంది. 1995 మేలో ఎస్.ఆర్.రావు గారు మునిసిపల్ కమిషనర్ గా వచ్చారు. అధికారుల్ని ఏసీ గదుల్లోంచి రోజూ వీధుల్లోకి దింపి చెత్త ఎత్తించారు. 1996లో ఇన్టాక్ సంస్థ దేశంలో రెండో పరిశుభ్రమైన నగరమని చెప్పింది. ప్లేగు ఊరన్న పేరు పోయింది. ఊరికి పోయింది కానీ ఆ పిల్లకి వెంటనే పోలేదు. ఊరికి మునిసిపాలిటీ ఉంది. పిల్లకి మేమే ఉన్నాం.

వదిన ఆ ప్రశ్న అడిగిన వారం తర్వాత అన్నయ్య కూతురితో మాట్లాడాను. ఇప్పుడు తనకి నలభై దగ్గర పడుతోంది. తలుపు దగ్గర నేనన్నది గుర్తుందా అని అడిగాను. "లేదు చిన్నాయనా, నిద్రల ఉన్న కావచ్చు. ఊళ్ళో పిల్లలు పిలిచింది యాదికుంది" అంది. కాసేపు ఆగి, "దవాఖానల డాక్టరమ్మ కూడా యాదికుంది. అక్కడ అందరూ మా నుంచి దూరం జరిగిండ్రు. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, అందరికి ఇనబడేటట్టు, ప్లేగు లేదు ఏం లేదు, వట్టి సర్ది అన్నది. ఇప్పటికీ పిల్లలకు జ్వరమొస్తే నేను గట్లనే చెయ్యి పెడత" అంది.

ఆ డాక్టరు ఎవరో నాకు తెలియదు. ఆమె చూసి, పరీక్షించి, నిజం చెప్పింది. గట్టిగా చెప్పింది. నేను చూడకుండా, పరీక్షించకుండా, నేనూ గట్టిగానే చెప్పాను. తేడా అంతే.

వదినని క్షమించమని అడిగాను. "మీ అన్న ఎన్నడు ఒక్క మాట అనలె. నాకే మనసున ఉండె, అన్న" అంది. అన్నయ్య 2017లో పోయాడు. ఆయన్ని అడగలేదు. ఆ పద్దు అట్లాగే ఉండిపోయింది.

వదిన ఇప్పటికీ సాయంత్రం పూట పిల్లలు ఏదైనా అంటే తథాస్తు దేవతల పేరు చెప్పి ఆపుతుంది. నేను మునుపటిలా ఉపన్యాసం ఇవ్వను. "దేవతలు లేరు వదినా, పిల్లలు ఉన్నారు, వింటున్నారు" అంటాను. అన్నట్టు ఆ ఎనిమిదేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకి ఆ రోజు ఎవరూ జవాబు చెప్పలేదు. తర్వాత నేను చెప్పాను. ఫెయిలైతే మళ్ళీ రాస్తాడు, అందులో ఏముంది అని. పిల్ల సరేనని ఆడుకోవడానికి పోయింది.